మూర్ఛ ఆపరేషన్‌కు ముందు పాపకు వీడియో ఈఈజీ: మందులు తగ్గించి మరీ ఫిట్స్ రప్పించడం అవసరమా?

పల్నాడు_మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పాపకు ఎనిమిదేళ్లు. నాలుగో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి, అవి కూడా దాదాపు అన్నీ నిద్రలోనే. ఉన్నట్టుండి కళ్లు తెరుస్తుంది, ముఖంలో భయం కనిపిస్తుంది, ఎడమ చేయి కొయ్యబారి పైకి లేస్తుంది, తల ఎడమవైపుకు తిరుగుతుంది, ఆ వెంటనే రెండు కాళ్లూ సైకిలు తొక్కుతున్నట్టు కొట్టుకుంటాయి. అర నిమిషంలో అంతా సద్దుమణిగి మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది గాని, కొన్ని రాత్రులు ఇలా అయిదారుసార్లు జరుగుతుంది. మర్నాడు బడిలో కునికిపాట్లు పడుతుంది, చదివింది గుర్తుండదు.

మొదట ఆక్స్‌కార్బజెపైన్ వాడాం, తరువాత లెవెటిరాసెటమ్ చేర్చారు, ప్రస్తుతం వాటితోపాటు క్లోబజామ్ కూడా ఇస్తున్నాం. ఒక్క పూట కూడా మందు తప్పించలేదు. అయినా ఫిట్స్ అదుపులోకి రాలేదు. ఇటీవల హైదరాబాదులో 3 టెస్లా ఎమ్మారై తీయిస్తే, మెదడు కుడివైపు ముందు భాగంలో ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా ఉండవచ్చునని రిపోర్టులో రాశారు. పుట్టుకకు ముందే మెదడు పైపొర ఒకచోట సక్రమంగా ఏర్పడకపోవడమే ఈ లోపమట. ఆపరేషన్‌కు అవకాశం ఉందని, అయితే ముందుగా నాలుగైదు రోజులు అడ్మిట్ చేసి వీడియో ఈఈజీ (తలకు తీగలు అతికించి మెదడు విద్యుత్ తరంగాలను, కెమెరాతో పాప కదలికలను ఒకేసారి రికార్డు చేసే పరీక్ష) చేయాలని, అవసరమైతే ఆ రోజుల్లో మందులు తగ్గించి ఫిట్స్ వచ్చేలా చూస్తామని డాక్టరుగారు చెప్పారు.

మా సందేహం ఇక్కడే. లోపం ఎక్కడుందో స్కానింగులో కనబడుతూనే ఉంది కదా, ఇంకా ఈ పరీక్ష దేనికి? గతంలో తీసిన అరగంట ఈఈజీలు నార్మల్ అనే వచ్చాయి, నాలుగు రోజులు తీస్తే మాత్రం కొత్తగా ఏం తెలుస్తుంది? ఫిట్స్ రాకుండా చూడమని ఆసుపత్రికి తీసుకెళ్తే రప్పిస్తామంటారేమిటని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆమెకు ఏమని నచ్చజెప్పాలో నాకు తెలియడం లేదు. ఈ పరీక్ష చేయించిన తల్లిదండ్రులు, ఈ రంగంలో పనిచేసేవారు దయచేసి వివరంగా రాయగలరు.

గోదావరి_గట్టు

మాస్టారు గారూ, నమస్కారం. మా బాబుకు ఆరేళ్ల వయసులో ఈ పరీక్ష, ఆ తరువాత ఆపరేషన్ కూడా జరిగాయి. వైద్యపరమైన కారణాలు తెలిసినవారు చెబుతారు గనుక, ఆ గదిలో రోజులు ఎలా గడుస్తాయో నేను రాస్తాను.

మంచానికి రెండువైపులా మెత్తలు కట్టిన కడ్డీలు ఉంటాయి. పైన కెమెరా ఉంటుంది. అది చీకట్లో కూడా చూడగలదు కాబట్టి రాత్రిపూట దీపాలు ఆర్పివేయవచ్చు. తలకు తీగలు అతికించి, ఊడిపోకుండా గాజుగుడ్డ చుడతారు. తీగలన్నీ ఒక చిన్న పెట్టెలోకి వెళ్తాయి, ఆ పెట్టెను చేతిసంచిలో పెట్టి పిల్లవాడి భుజానికి తగిలిస్తారు. అతికించేటప్పుడు నొప్పి ఉండదు. రెండో రోజు నుంచి తల దురద పెడుతుంది, అసలు కష్టం అదే. అత్యవసరంగా మందు ఎక్కించవలసి వస్తే ఆలస్యం కాకూడదని చేతికి ముందుగానే సూది పెట్టి ఉంచుతారు. మావాడు ఏడ్చింది ఆ సూది గుచ్చినప్పుడే. పక్కనే ఆక్సిజన్, నోట్లో నురగను లాగివేసే గొట్టం, వేలికి పల్స్ ఆక్సిమీటర్ సిద్ధంగా ఉంటాయి.

తల్లో తండ్రో ఎవరో ఒకరు ఎప్పుడూ పిల్ల దగ్గర ఉండాలి. ఫిట్ వచ్చిందనిపించిన క్షణంలో మంచం పక్కనున్న బొత్తాం నొక్కాలి. ఇది మనమే చేయవలసిన పని, ఎందుకంటే పిల్ల ముఖంలో వచ్చే మొదటి మార్పు మనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. మా బాబుకు తెల్లవారుజామున వచ్చింది. అంతకుముందు సాయంత్రమే టెక్నీషియన్ గారు వివరంగా చెప్పి ఉండడంతో, బొత్తాం నొక్కి, దుప్పటి పాదాల దాకా లాగేసి, కెమెరాకు అడ్డం రాకుండా తలవైపుకు జరిగి నిలబడ్డాను. నర్సమ్మ పరుగున వచ్చి వాడి పేరేమిటని అడిగింది, ఏనుగు అనే మాట చెప్పి గుర్తుంచుకోమంది, ఫిట్ ఆగిన వెంటనే "చేతులు రెండూ పైకెత్తు నాన్నా" అంది. కుడి చేయి లేచింది, ఎడమ చేయి లేవలేదు. కాసేపటికి అదీ లేచింది. ఆ కొద్ది నిమిషాల బలహీనతను డాక్టర్లు ఎంతో విలువైన ఆధారంగా తీసుకున్నారు.

బిడ్డ అలా ఉన్నప్పుడు ఒళ్లోకి లాక్కోవాలని ఏ తల్లికైనా అనిపిస్తుంది. కాని మనం హత్తుకుంటే చేతులు, ముఖం కెమెరాకు కనిపించవు, ఆ ఫిట్ వృథా అవుతుంది, మరొకదాని కోసం ఎదురుచూడవలసి వస్తుంది. పక్కనే నిలబడి పేరు పెట్టి పిలుస్తూ ఉంటే చాలు. బట్టల విషయానికి వస్తే, తలమీదుగా తొడిగేవి వద్దు, ముందు గుండీలున్న చొక్కాలే తీసుకెళ్లండి.

ఈఈజీ_గది

నేను పిల్లల ఎపిలెప్సీ యూనిట్‌లో ఈఈజీ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. అరగంట ఈఈజీ నార్మల్‌గా వచ్చిందన్న మాట మాస్టారు గారి ప్రశ్నలో ఉంది కాబట్టి దాని గురించి ముందు చెబుతాను. మామూలు ఈఈజీ తీసే అరగంటలో ఫిట్ రావడం అరుదు. ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య అప్పుడప్పుడు మెరిసే అసాధారణ తరంగాలు ఆ కాస్త సమయంలో దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు. పైగా ఫిట్స్ నిద్రలో వచ్చే పిల్లలకు పగలు మెలకువగా ఉన్నప్పుడు తీసిన రికార్డింగు నార్మల్‌గా రావడంలో వింత ఏమీ లేదు. ముందు భాగపు మెదడులో లోతైన మడతల్లో పుట్టే తరంగాలు నెత్తి మీద అతికించిన ఎలక్ట్రోడ్ల దాకా సరిగా చేరవు కూడా. అందువల్ల నార్మల్ రిపోర్టును చూసి పాపకు మూర్ఛ లేదనిగాని, పెద్ద పరీక్షలో కూడా ఏమీ తేలదనిగాని అనుకోకూడదు.

ఎలక్ట్రోడ్లను అందాజాగా అతికించం. ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక బొడిపె దాకా, ఒక చెవి నుంచి మరో చెవి దాకా టేపుతో కొలిచి, ఆ దూరంలో 10 శాతం, 20 శాతం చొప్పున గుర్తులు పెట్టి అతికిస్తాం. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రతిపాదించిన ఈ పద్ధతినే ప్రపంచమంతా అనుసరిస్తోంది కాబట్టి, హైదరాబాదులో తీసిన రికార్డింగును ఢిల్లీలో ఉన్న డాక్టరు చూసినా ఏ గీత మెదడులోని ఏ చోటికి చెందినదో తెలుస్తుంది. కణతల కింది భాగం కోసం అదనంగా మరికొన్ని పెడతాం. జుట్టు కత్తిరించం, గుండు చేయం. తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే గనుక స్పష్టంగా రాస్తున్నాను. అయితే ముందురోజు షాంపూతో తలంటి, ఆ తరువాత కొబ్బరినూనె చుక్క కూడా రాయకుండా తీసుకురావాలి. నూనె ఉంటే జిగురు పట్టదు, సంకేతం సరిగా రాదు. అడ్మిట్ అయిన తరువాత పాపకు ఎక్కువగా నమలవలసిన చిరుతిళ్లు, చూయింగ్ గమ్ ఇవ్వవద్దు, దవడ కండరాల కదలిక తెరమీద మెదడు తరంగాలను కప్పేస్తుంది. ఫోన్ ఛార్జరును మంచం దగ్గర పెట్టవద్దు, కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ అలజడి గీతల్లోకి చేరుతుంది.

ఇక వీడియో ఎందుకన్నది. పాప కాళ్లు అలా కొట్టుకుంటున్నప్పుడు ఈఈజీ తెర మొత్తం కండరాల అలజడితో నల్లబడిపోతుంది, మెదడు తరంగాలు కంటికి ఆనవు. అప్పుడు మాకు దిక్కు వీడియోయే. చిత్రమూ, తరంగమూ ఒకే గడియారంతో నడుస్తాయి. ఎడమ చేయి బిగుసుకున్న క్షణం దగ్గర ఆపి, అంతకు కొన్ని క్షణాల ముందు ఏ ఎలక్ట్రోడ్ కింద మార్పు మొదలైందో వెనక్కి వెళ్లి చూస్తాం. తల ముందు తిరిగిందా, చేయి ముందు బిగిసిందా, పిలిస్తే పలికిందా, ఆగిన తరువాత మాట వెంటనే వచ్చిందా అన్న వరుసను బట్టి మూర్ఛ ఎక్కడ పుట్టి ఎటు పాకిందో డాక్టర్లు అంచనా కడతారు. చేయి బిగుసుకోవడం వంటి లక్షణాలు సాధారణంగా మెదడులో దానికి ఎదుటివైపును సూచిస్తాయి.

ఇంట్లో ఫిట్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియోలుంటే తప్పకుండా తీసుకురండి. ఆసుపత్రిలో వచ్చినది, ఇంట్లో వచ్చేది ఒకటేనా అని పోల్చి చూడడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. పరీక్ష పూర్తయ్యాక జిగురును గోరువెచ్చని నీటితో గాని, ద్రావకంతో గాని మేమే తీసేస్తాం. ఇంటికి వెళ్లాక గట్టిగా దువ్వకుండా నెమ్మదిగా తలంటితే మిగిలినది కూడా పోతుంది.

మెలకువ

అన్నీ సవ్యంగా జరిగిన అనుభవాలే కనబడుతున్నాయి కాబట్టి మా అనుభవం కూడా రాస్తున్నాను. మొదటిసారి అడ్మిట్ అయినప్పుడు మా అమ్మాయికి ఒక్క ఫిట్ కూడా రాలేదు. ఇంట్లో రోజు విడిచి రోజు వచ్చేవి కాస్తా ఆసుపత్రి మంచం ఎక్కగానే మాయమయ్యాయి. ఇలా కూడా జరగవచ్చునని అక్కడ ఎవరూ ముందుగా చెప్పలేదు. సెలవులు, డబ్బు, ఆశ అన్నీ ఖర్చయిపోయాయన్న బాధతో తిరిగి వచ్చాం. తరువాత వేరే చోట మళ్లీ అడ్మిట్ చేస్తే ఫిట్స్ రికార్డయ్యాయి. అందువల్ల, ఫిట్ రాకపోతే ఎన్నాళ్లు ఉంచుతారు, గడువు పొడిగిస్తే గది అద్దె ఎంత, మళ్లీ రావలసి వస్తే ఖర్చు పరిస్థితి ఏమిటి అన్నవి అడ్మిషన్ రోజునే అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఈ పరీక్షకూ, ఆపరేషన్‌కూ విడివిడిగా వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

పిల్లల_న్యూరో

నేను పిల్లల నరాల వైద్యుణ్ణి. పాపను నేను చూడలేదు, స్కానింగు చూడలేదు. కాబట్టి ఇది మీ డాక్టరుగారి సలహాకు ప్రత్యామ్నాయం కాదు. ఆయనను మీరు ఇంకా బాగా ప్రశ్నించడానికి ఉపయోగపడాలనే రాస్తున్నాను.

సరిగా ఎంచుకుని, సరైన మోతాదులో వాడిన రెండు మందులు విఫలమైతే దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2010లో నిర్వచించింది. పాప ఆ గీత దాటింది. మరో మందు మార్చి చూద్దామనుకోవడం సహజమే గాని, అందులో ఎంత ఆశ ఉందో కూడా తెలియాలి. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని గమనించి గ్లాస్గో వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మందుతోనే 47 శాతం మందికి మూర్ఛలు పూర్తిగా ఆగాయి. అది పనిచేయక, రెండో మందుతోనో మూడో మందుతోనో ఆగినవారు మొత్తం 470 మందిలో 14 శాతం మాత్రమే. ఎదిగే వయసులో రాత్రికి అయిదారుసార్లు నిద్ర చెడుతూ గడిచే ప్రతి ఏడాదీ పాప చదువు మీద, జ్ఞాపకశక్తి మీద భారం మోపుతుంది. కనుక ఆపరేషన్‌కు తగునో కాదో ఇప్పుడే తేల్చుకోవడం తొందరపాటు కాదు.

స్కానింగులో కనబడుతున్నప్పుడు మళ్లీ పరీక్ష ఎందుకని అడిగారు. స్కానింగు లోపం ఆకారాన్ని చూపిస్తుంది, మూర్ఛ అక్కడి నుంచే పుడుతోందని నిరూపించదు. ట్యూబరస్ స్క్లెరోసిస్ (మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు ఏర్పడే జన్యు వ్యాధి) ఉన్న పిల్లల మెదడులో ఇలాంటి లోపాలు ఎన్నో కనబడతాయి, వాటిలో ఒకటి మాత్రమే ఫిట్స్‌కు మూలం కావచ్చు. పాపకున్నదని అనుమానిస్తున్న డిస్‌ప్లేసియాలో చిక్కు వేరే. దాని అంచులు ఎమ్మారైలో కనిపించేదానికంటే విస్తరించి ఉండే అవకాశం ఉంది. తక్కువ తీస్తే ఫిట్స్ మిగిలిపోతాయి, ఎక్కువ తీస్తే ఎడమ చేతిని, కాలిని నడిపించే ప్రాంతం దెబ్బతినవచ్చు. సర్జను కత్తి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చడానికి ఉన్న ఆధారాల్లో ఫిట్ మొదలయ్యే క్షణపు రికార్డింగు ముఖ్యమైనది. మీరు వర్ణించినట్టు ఎడమ చేయి ముందుగా బిగుసుకుంటుంటే అది కుడివైపు మెదడునే సూచిస్తోంది, స్కానింగు కూడా కుడివైపునే చూపిస్తోంది. ఇలా ఆధారాలన్నీ ఒకే చోటును చూపడం మంచి సూచన. ఆ పొందికను ఖాయం చేసుకోవడానికే మిమ్మల్ని అడ్మిట్ కమ్మంటున్నారు.

మందులు తగ్గించడం గురించి మీ అమ్మగారితో ఇలా చెప్పండి: ఈ ఫిట్స్ ఇంట్లో చీకట్లో ఎలాగూ వస్తూనే ఉన్నాయి, వాటిలో కొన్నింటిని నర్సు, డాక్టరు, ఆక్సిజన్, ఇంజెక్షను పక్కనుండగా రానిచ్చి రాసుకుంటారు. పిల్లల్లో, అందులోనూ రోజూ ఫిట్స్ వచ్చేవారిలో, చాలాసార్లు మందులు తగ్గించవలసిన అవసరమే రాదు. తగ్గించినా ఒక పద్ధతి ప్రకారం తగ్గిస్తారు. క్లోబజామ్ వంటి మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వరసగా ముంచెత్తే ప్రమాదం ఉంది కాబట్టి దానితో మరీ జాగ్రత్తగా ఉంటారు. ఫిట్ ఆగకపోయినా, వెంటవెంటనే వస్తున్నా మిడజోలమ్ గాని, లోరజెపామ్ గాని ఇచ్చి ఆపుతారు. ఎన్ని నిమిషాలకు, ఎన్ని ఫిట్స్‌కు ఆ మందు ఇస్తారని ముందుగా అడిగి తెలుసుకోవడం మీ హక్కు. త్వరగా ఫిట్ వస్తుంది కదా అని ఇంటి దగ్గరే మాత్రలు తగ్గించి రావడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఒకవేళ అక్కడ వచ్చిన ఫిట్ ఎప్పటిదిలా లేదనిపిస్తే ఆ సంగతి వెంటనే చెప్పండి. మందులు వేగంగా తగ్గించినప్పుడు, పిల్లకు మామూలుగా రాని రకం ఫిట్ వచ్చి దారి తప్పించవచ్చు.

రికార్డింగు అయిపోగానే ఆపరేషన్ తేదీ ఇవ్వరు. నరాల వైద్యులు, సర్జను, రేడియాలజిస్టు, పాప జ్ఞాపకశక్తినీ భాషనూ పరీక్షించిన సైకాలజిస్టు కలిసి కూర్చుని చర్చిస్తారు. ఆధారాలు పొసగకపోతే, మెదడులో ఏ భాగం చక్కెరను తక్కువగా వాడుకుంటోందో చూపే పెట్ స్కాన్ చేయవచ్చు. ఫిట్ మొదలైన క్షణాల్లోనే రేడియోధార్మిక మందు ఎక్కించి, ఆ సమయంలో మెదడులో రక్తప్రవాహం ఎక్కడ పెరిగిందో చూసే స్పెక్ట్ స్కాన్ కూడా ఉంది. అప్పటికీ తేలకపోతే పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి లోపలికి ఎలక్ట్రోడ్లు పంపి మళ్లీ రికార్డు చేస్తారు. ఒక్క మాట, ఈఈజీలో అలలు మెదడంతటా కనిపిస్తున్నాయి కాబట్టి ఆపరేషన్ కుదరదని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోవద్దు. పుట్టుకతోనో పసితనంలోనో ఏర్పడిన లోపం ఉన్న పిల్లల్లో ఈఈజీ అలా కనిపించినా ఆపరేషన్ ఫలించవచ్చునని క్లీవ్‌లాండ్ వైద్యులు 2007లో చూపించారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర, బెంగళూరులోని నిమ్‌హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థలున్నాయి, రికార్డింగు కాపీతో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

ఫలితం గురించి చెప్పవలసినది కూడా దాచకుండా చెబుతాను. ఢిల్లీ ఎయిమ్స్‌లో 18 ఏళ్లలోపు 116 మంది పిల్లలపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది గడిచేసరికి ఆపరేషన్ చేసినవారిలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు, మందులతోనే కొనసాగినవారిలో అలా లేనివారు 7 శాతమే. అదే అధ్యయనంలో ఆపరేషన్ చేసినవారిలో 33 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు కలిగాయి, వాటిలో ఎక్కువ ఒక పక్క కాలుచేతుల బలహీనత. మెదడులో ఒక అర్ధగోళాన్ని (ఒక పక్క సగాన్ని) మిగతా మెదడు నుంచి వేరుచేసే పెద్ద ఆపరేషన్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి, అలాంటి వాటిలో బలహీనత ముందుగా ఊహించినదే. పాపకు ప్రతిపాదించే ఆపరేషన్‌కు ఈ అంకెలు ఎలా వర్తిస్తాయో మీ సర్జను గారినే అడగాలి. పరీక్ష తరువాత ఆపరేషన్ వద్దని తేలే అవకాశం కూడా ఉంది. అప్పుడు కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు చాలా తక్కువగా ఉండే భోజనం), మెడలోని వేగస్ నరాన్ని ప్రేరేపించే పరికరం వంటి మార్గాలు మిగిలి ఉంటాయి.

పల్నాడు_మాస్టారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ జవాబులన్నీ మా అమ్మకు చదివి వినిపించాను. పక్కన డాక్టరు ఉండగా వస్తుందంటే సరే, నేనూ వస్తానంటోంది. రెండు విషయాలు మిగిలాయి. పాపకు ఈ సంగతి ఎలా చెప్పాలి? డిశ్చార్జ్ అయ్యాక బస్సులో ఇంటికి రావడం క్షేమమేనా?

గోదావరి_గట్టు

పాపకు నిజమే చెప్పండి. రాత్రి నిద్రలో నీకు ఏం జరుగుతుందో డాక్టరు చూడాలనుకుంటున్నారు, అందుకే కెమెరా, తీగలు అని చెబితే ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. సూది ఉండదని మాత్రం చెప్పకండి, అక్కడికి వెళ్లాక మన మాట మీద నమ్మకం పోతుంది. బొమ్మకు కూడా గాజుగుడ్డ చుట్టమని అడిగితే టెక్నీషియన్లు సంతోషంగా చుడతారు. నానమ్మ గారు వస్తే మంచిదే, మీరిద్దరూ వంతులవారీగా నిద్రపోవచ్చు. కాకపోతే ఫిట్ వచ్చినప్పుడు ఆమె పాపను పట్టుకోకుండా ముందే చెప్పి ఉంచండి, తాళాలు చేతిలో పెట్టడం వంటివి కూడా వద్దని చెప్పండి.

పిల్లల_న్యూరో

మందులు తగ్గించి ఉంటే తిరిగి మొదలుపెట్టిన తరువాతే పంపుతారు, అయినా తొలి కొద్ది రోజులు ఫిట్స్ మామూలుకంటే ఎక్కువ రావచ్చు. ఏ మందు ఏ రోజు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఎంత మోతాదులో ఇవ్వాలో అడిగి, దానిని చేతిసంచిలోనే ఉంచండి. పెట్టెలో సర్దవద్దు. ఫిట్ అయిదు నిమిషాలు దాటితే స్ప్రే ఇచ్చి, పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వీలైతే రాత్రి బస్సు మానుకుని పగలు ప్రయాణం పెట్టుకోండి, పాప నిద్ర చెడకుండా ఉంటుంది.